పలికే పెట్టె, కనబడని పెట్టె

మా శాఖ పేరు పూర్వపత్ర పునఃపరిశీలన శాఖ. పాత కాగితాలను మళ్ళీ ఒకసారి చూసి, అవి పాతవేనని ధ్రువీకరించడం మా పని. ఇందులో తొందరపడాల్సిందేమీ లేదు. ఆలస్యమైన కొద్దీ కాగితాలు ఇంకాస్త పాతబడతాయి, పని ఇంకాస్త తేలికవుతుంది. ఇంత హాయిగా నడిచిపోతున్న శాఖ మీద కూడా ఒకనాడు సాంకేతిక విప్లవం వచ్చి పడింది.

పైవాళ్ళెవరో ఒక సదస్సుకు వెళ్ళొచ్చారు. ఇకమీదట ఉద్యోగి ఇల్లే ఆఫీసని అక్కడ చెప్పారట. నెల తిరక్కుండా 'గృహమే కార్యాలయం' అనే పథకం పుట్టింది. తలా ఒక చిట్టి కంప్యూటర్ ఇచ్చారు. తెర లేదు, మీటలు లేవు. అరచేతిలో పట్టే ఒకే ఒక్క పలక, దాని మీద ప్లాస్టిక్ డబ్బా, డబ్బాకో ఎర్ర దీపం. ఇంట్లో ప్లగ్గుకు తగిలించి, వైఫైకి కలిపి వదిలెయ్యాలి. "ఇది ఏం చేస్తుందండీ?" అని శిక్షణ తరగతిలో అడిగాను. "ఆన్‌లో ఉంటుంది" అన్నారు. నాకిచ్చిన దాని మీద స్టిక్కరు ఉంది: 'ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేనిదే కదిలించరాదు. సంఖ్య 417.'

దాన్ని తెచ్చి నా అద్దె ఇంట్లో ఎక్కడో తగిలించాను. తరవాత నా మీద మోపిన అభియోగాల్లో మొట్టమొదటిది ఈ 'ఎక్కడో' అన్న మాటే.

నా పేరు గవర్రాజు. మాది కాకినాడ. ఉద్యోగం అనంతపురంలో. మా ఆవిడ మంగతాయారు కాకినాడలో హిందీ టీచరు. పెళ్ళయినప్పటి నుంచి భార్యాభర్తల కోటాలో బదిలీకి దరఖాస్తు పెడుతూనే ఉన్నాను. ఈలోగా పాప పుట్టి, నడక నేర్చి, మాటలు కూడా నేర్చింది. నేను వెళ్ళినరోజు తలుపు చాటున దాక్కుంటుంది. మర్నాడు కాస్త దగ్గరకొస్తుంది. ఒళ్ళో కూర్చోబోయే వేళకి నాకు రైలు టైమవుతుంది. ఈ కథలో నవ్వొచ్చే సంగతులు చాలా ఉన్నాయి గాని, ఇది మాత్రం వాటిలో లేదు.

బదిలీల మీద నిషేధం మా రాష్ట్రంలో ఏడాది పొడుగునా ఉంటుంది. వేసవిలో కొన్నాళ్ళు మాత్రం అటు తిరిగి పడుకుంటుంది. ఆ కాస్తలో దూరిపోయినవాడే అదృష్టవంతుడు. ఆ ఏడు నాకు అదృష్టం పట్టింది. కాకినాడకి ఆర్డరు వచ్చేసింది. నెలాఖరులోగా ఇక్కడ రిలీవైపోవాలి. కాకపోతే ఆర్డరు చెల్లదు, మళ్ళీ నిషేధం. పాపకు కొత్త గౌను కుట్టించానని, నేనొచ్చే రోజు తొడిగి స్టేషనుకు తీసుకొస్తానని మా ఆవిడ ఫోను చేసింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా పూజారి పేరు పరాంకుశం గారు, భౌతిక తనిఖీ అధికారి. ఏటా మార్చి నెలలో శాఖలోని ప్రతి కుర్చీనీ, ప్రతి బీరువానీ చేత్తో ముట్టుకుని, సుద్దముక్కతో గీత గీసి, 'చూచితిని' అని సంతకం పెట్టడం ఆయన పని. గీత పడని కుర్చీలో మా శాఖలో ఎవరూ కూర్చోరు. ఇళ్ళకిచ్చిన పెట్టెలు మార్చి లెక్కలోకి రావు గాని, రిలీవ్ కావాలంటే మాత్రం నా పెట్టె మీద ఆయన సుద్దగీత పడాలి.

ఇంటికెళ్ళి చూస్తే పెట్టె లేదు. మంచం కింద లేదు, బల్ల మీద లేదు, అటక మీద లేదు. ఎందుకైనా మంచిదని ఫోనులో వైఫై పేజీ తెరిచాను. ఈ ఇంటి వైఫైకి ఏమేం తగులుకుని ఉన్నాయో అందులో జాబితా కనబడుతుంది. అదిగో, 417! దర్జాగా ఉంది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని. ఇంట్లోనే ఉంది, కరెంటు తింటోంది, పిలిస్తే పలుకుతోంది, ఎక్కడుందో మాత్రం తెలీదు.

"సార్, పెట్టె ఇంట్లోనే ఉందండి. నెట్‌వర్క్‌లో కనబడుతోందండి" అని పరాంకుశం గారికి విన్నవించుకున్నాను.

"గవర్రాజు గారూ, నెట్‌వర్కునందు కనబడుట కనబడుట కాదు. మీరు ఇంటి నుండి ఫోనులో హలో అన్నంత మాత్రమున హాజరు పట్టీలో సంతకము పెట్టనిచ్చెదనా? పరికరము ఉన్నదని చెప్పుటకు రెండు విషయములు రుజువు కావలెను. ఒకటి, అది పలుకవలెను. అది సాంకేతిక విభాగము వారి పరిధి. రెండు, అది కనబడవలెను. అది నా పరిధి. రెండు సంతకములు పడిననే ఒక పరికరము."

మర్నాడు ఇద్దరు సభ్యుల సంఘం మా ఇంటికి వచ్చింది. ఒకరు పరాంకుశం గారు. రెండోవాడు సాంకేతిక సహాయకుడు హజరత్ వలి, మా శాఖలో సాంకేతిక విభాగమంతా అతనొక్కడే. పొద్దస్తమానం ఫోనులోనే ఉంటాడు, అందుకే ఆ విభాగం ఇచ్చారని అంటారు.

వలి గడప దగ్గరే నిలబడి ఫోను తీసి ఇల్లంతా జల్లెడ పట్టాడు. "సార్, ఈ వైఫైకి అయిదు తగులుకోనుండాయి. ఒకటి నీ ఫోను. ఒకటి టీవీ."

"నాకు టీవీ లేదు వలీ."

"కింద ఇంటి ఓనరు ఓబుళమ్మవ్వకుంది లే. మిగతా రెండు ఫోన్లు పక్కింటోళ్ళవి. ఇదో, ఇదీ మన నాలుగొందల పదిహేడు. చూడండి సార్, పిలుస్తాండా, పలుకుతాంది."

పరాంకుశం గారు ఫోను మీదకు వంగారు. "ఏమని పలికినది?"

"ఉండానని."

"ఎక్కడ ఉన్నదో అడుగుము."

"అది చెప్పదు సార్. ఉండాదా లేదా అంటే, ఉండానంటుంది. అంతే."

"హాజరు తప్ప మరేమియు చెప్పదన్నమాట. మన శాఖలోని పరికరమే, సందేహము లేదు" అన్నారు పరాంకుశం గారు, కాస్త అభిమానంగానే.

వలి ఒక మార్గం చెప్పాడు. ఇంట్లో స్విచ్చులు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోదాం, ఏ స్విచ్చు ఆపినప్పుడు పెట్టె పలకడం మానేస్తుందో ఆ ప్లగ్గుకే ఉన్నట్టు, క్షణంలో తేలిపోతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. పరాంకుశం గారు మాత్రం సంచీలోంచి పథకం నిబంధనలు తీశారు.

"నాలుగవ నిబంధన. పరికరము అన్ని వేళల ఆన్‌లో ఉండవలెను. తనిఖీ నిమిత్తమై నేనే దానిని ఆపినచో, నేనే ముద్దాయినగుదును."

"అయితే ఎలాగండీ?"

"వెదకవలెను."

వెతికారు. బియ్యం డబ్బా ఒంపించారు. పరుపు కుట్టు విప్పించారు. నా ఆవకాయ జాడీలో గరిటె పెట్టి అడుగంటా కలిపి చూశారు. పెట్టె ఆవకాయలోకి ఎందుకెళుతుందండీ అంటే, ఎక్కడో పెట్టితినని మీరే వ్రాసి ఇచ్చినారు, ఎక్కడో అన్న మాటలో ఆవకాయ కూడ వచ్చును అన్నారు. నేను జాడీకి మూత పెట్టుకున్నాను.

ఈ సందడికి కింద వాటా నుంచి ఓబుళమ్మ పైకొచ్చింది. ఆవిడే ఇంటి యజమానురాలు. "ఏం యెతుకుతాండారప్పా?" అంది.

"అమ్మా, మీరు శాఖకు చెందని వ్యక్తి. తనిఖీ జరుగు సమయమున జోక్యము చేసుకొనరాదు."

ఆవిడ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. ఎండన పడి వచ్చినవాళ్ళు గదా అనుకుందో ఏమో, కాసేపటికి చెంబుతో మజ్జిగ తెచ్చింది. మజ్జిగ తాగడం జోక్యం కిందికి రాదని పరాంకుశం గారు నిర్ణయించి రెండు గ్లాసులు తాగారు. "ఇంతకీ ఏందది పోయింది?" అని ఆవిడ మళ్ళీ అడిగింది. శాఖాపరమైన రహస్యమన్నారు. సాయంత్రానికి ఓబుళమ్మకు ఓర్పు చచ్చిపోయింది. పరుపులోంచి లేచిన దూది ఆవిడ గుమ్మం దాకా ఎగురుతోంది మరి.

"నా ఇల్లు గుల్ల చేస్తాండారు, నాతో చెప్పరాదా? యెర్ర లైటుండే డబ్బానా?"

ముగ్గురం ఆవిడ వైపు తిరిగాం.

"అది గోడలో ఉండాది గదప్పా!"

తీరా తేలిందేమంటే, నేను పెట్టెను పెట్టింది నైరుతి మూల గోడ గూట్లో. ప్లగ్గు కూడా ఆ గూట్లోనే ఉంది. కిందటి వేసవిలో నేను కాకినాడ వెళ్ళినప్పుడు వాస్తు చెప్పేవాడెవడో వచ్చి నైరుతిలో బొక్క ఉండకూడదన్నాడు. ఓబుళమ్మ మేస్త్రీని పిలిపించి గూడు మూయించేసింది. నేను తిరిగొచ్చేసరికి గోడంతా కొత్త సున్నంతో తెల్లగా మెరుస్తోంది. బాగుందనుకున్నానే గాని, లోపల ప్రభుత్వం ఉందనుకోలేదు.

"మరి పెట్టెను తీసి పక్కన పెట్టలేదేమమ్మా?" అన్నాను.

"మేస్త్రీ తీయబొయినాడు. దాని మింద కదిలించగూడదని రాసుండాది. గవర్మెంటోళ్ళది, మనకెందుకు తల్లా అని కదిలించకుండా అట్లనే ఇటికె పేర్చేసినాడు."

పరాంకుశం గారు గోడకేసి ఒక నమస్కారం పెట్టారు. "ఇన్నేండ్ల సర్వీసులో మా స్టిక్కరును చదివి పాటించిన పౌరుని గురించి నేను వినుట ఇదే మొదటిసారి" అన్నారు.

గోడ పగలగొడితే సరిపోతుందని మీరనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. గోడ పగలగొట్టాలంటే అందులో పెట్టె ఉందని ధ్రువపడాలి. ధ్రువపడాలంటే పరాంకుశం గారు చూడాలి. చూడాలంటే గోడ పగలాలి. ఫైలు జాయింట్ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, 'నిబంధనల మేరకు తగు చర్య గైకొనవలెను' అనే సంతకంతో తిరిగొచ్చింది. తగు చర్య ఏదని మళ్ళీ రాశారు. 'తగినది' అని వచ్చింది. నెలాఖరు ముంచుకొస్తోంది. మా ఆవిడ రోజూ ఫోను చేసి, "బయల్దేరారా?" అంటోంది. గోడ అడ్డమొచ్చిందంటే నమ్ముతుందా? ఆఫీసులో పనుంది అనేవాణ్ణి. మా ఆఫీసులో పనుందంటే అసలు నమ్మదు.

చివరికి పరాంకుశం గారే దారి కనిపెట్టారు. పగలగొట్టేది గోడను కాదు, 'పరికరమునకు తనిఖీ అధికారికి నడుమ ఏర్పడిన ఆటంకమును తొలగించుట' అని రాశారు. ఆటంకాలు తొలగించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట.

నెల చివరి పనిదినాన గడ్డపారతో మేస్త్రీ వచ్చాడు. మూసినవాడే. నాలుగు పోట్లకి ఇటికలు జారాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, దుమ్ములోంచి పెట్టె బయటపడింది. పరాంకుశం గారు చేత్తో ముట్టుకుని, సుద్దముక్కతో గీత గీసి, "చూచితిని" అన్నారు. నేను ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోయాను. సాయంత్రం రైలుకు టికెట్టు జేబులోనే ఉంది.

"సార్, పలకల్యా" అన్నాడు వలి, ఫోను చూసుకుంటూ.

గడ్డపార పోటుకు చార్జరు తీగ తెగిపోయింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

"దాందేముంది సార్, ఇంకో చార్జరు పెడితే పలుకుతాది" అని వలి జేబులోంచి తన ఫోను చార్జరు తీశాడు.

"ఆగుము. ప్రభుత్వ పరికరమునకు ప్రైవేటు చార్జరా? వలీ, మీరు నిన్నటి వరకు ఏమని సంతకము చేసితిరి?"

"పలుకుచున్నది, కానీ కనబడుట లేదు అని సార్."

"నేడు?"

"కనబడుతాంది గాని పలకల్యా."

పరాంకుశం గారు నా ఒక్క మంచం మీద కూర్చుని రాయడం మొదలుపెట్టారు. ఆయన తప్పు చేస్తున్నట్టు లేదు, ఒక్కొక్క మెట్టూ సరిగానే దిగుతున్నారు. అది చూసే నాకు భయమేసింది. "నిన్నటి పరికరము పలికెను, కనబడలేదు. నేటి పరికరము కనబడెను, పలుకలేదు. ఒకే వస్తువునకు పరస్పర విరుద్ధమైన లక్షణములు ఉండజాలవు. కనుక ఇవి రెండు వేర్వేరు పరికరములు. మొదటిది తప్పిపోయినది. అందుకు గవర్రాజు గారు బాధ్యులు. రెండవది లెక్కకు మించి దొరికినది. అక్రమముగా కలిగియున్నందుకు కూడ గవర్రాజు గారే బాధ్యులు."

"సార్, రెంటి మీదా 417 అనే ఉంటుంది కదండీ!"

"ఒకే సంఖ్యను రెంటికి వేసిన సిబ్బందిపై ప్రత్యేక విచారణ జరుగును. మీరు కంగారు పడవలదు."

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు ఓబుళమ్మ అప్పుడే వచ్చింది. గోడలో బొక్కను, బొక్క కింద ఇటికల గుట్టను, గుట్ట పక్కన మమ్మల్ని చూసింది. "నైరుతి మూల తెరిచేసినారు గదరా నాయనా! మూసేదెవరు?"

"గోడ మా శాఖ పరిధిలోనిది కాదమ్మా."

"పగలగొట్టేటప్పుడు పరిధిలో ఉండ్య, మూసేటప్పుడు ల్యాకపాయనా? మీ పరిధి మింద మన్ను పొయ్య!" అని ఆవిడ కొంగు బిగించింది. సంఘం సభ్యులిద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మిగతా తిట్లన్నీ నేనే తిన్నాను. తినాల్సినవేననిపించింది.

ఆ సాయంత్రం రైలు నేను లేకుండానే వెళ్ళిపోయింది. తెల్లారేసరికి బదిలీల మీద నిషేధం మేలుకుంది.

"అయితే ఈసారి కూడా రారన్నమాట" అంది మంగతాయారు ఫోనులో. తిడితే బాగుండేది. "గౌను దాచేస్తానండీ. కాస్త పెద్దదే కుట్టించాను, వచ్చే ఏటికీ పడుతుంది." ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఫోను పెట్టేసి, గోడలో బొక్కకేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

తరవాతి వారం మిగులు పరికరాన్ని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న లేచింది. ఆఫీసు గోదాములో పెడితే గోదాము లెక్క తప్పుతుంది. పైగా అది 'గృహ' వర్గపు పరికరం, ఇంట్లో తప్ప ఉండకూడదు. నా అద్దె ఇల్లు ఘటనాస్థలం, అక్కడ ఉంచితే సాక్ష్యం చెడుతుంది. పరాంకుశం గారు నా సర్వీసు రిజిస్టరు తెప్పించి 'స్వగృహము' అన్న చోట వేలు పెట్టారు. కాకినాడ అని ఉంది.

"తుది నిర్ణయము వెలువడు వరకు పరికరమును మీ స్వగృహమునకు పార్సిలు ద్వారా పంపవలెను" అన్నారు.

"సార్, మరి నన్ను కూడా…"

"మీపై నిషేధము కలదు. పరికరముపై లేదు."

పాత కాగితాల మధ్య పెట్టి, తాడుతో కట్టి పంపించాను. నా కంటే ముందు అది కాకినాడ చేరింది. 'గృహమే కార్యాలయం' పథకం ప్రకారం ఇంట్లో ఉన్న పరికరం ఆన్‌లో ఉండాలి గదా, మా ఆవిడ నియమం తప్పని మనిషి, కొత్త చార్జరు తెచ్చి ప్లగ్గుకు పెట్టింది. రెండిళ్ళ వైఫైకీ నేను ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు పెట్టుకున్నాను. రెండూ మా పాప పేరే. పెట్టె తన ఇంటికే వచ్చాననుకుని వెంటనే తగులుకుంది, నెట్ మీదుగా ఆఫీసులో ఉన్న వలి ఫోనుకి ఉన్నానని చెప్పింది.

"సార్! నాలుగొందల పదిహేడు పలుకుతాంది! కాకినాడ నుంచి పలుకుతాంది!" అని వలి ఆఫీసంతా పరిగెత్తాడు.

కాకినాడ శాఖ తనిఖీ అధికారి మా ఇంటికి వెళ్ళి, కాఫీ తాగి, పెట్టెను ముట్టుకుని, సుద్దగీత గీశాడు. కనబడింది. పలికింది. రెండు సంతకాలూ పడ్డాయి. తప్పిపోయిన పరికరం దొరికినట్టు తేలింది. మరి మిగులు పరికరం ఏమైందని నేనడగలేదు. అది మొదటి నుంచీ లెక్కలో లేదు కాబట్టి పోవడానికి వీల్లేదని పరాంకుశం గారే ఫైలులో రాసుకున్నారు.

అంతటితో ఫైలు మూసెయ్యాలి. కానీ మా శాఖలో ఫైళ్ళు అంత తేలిగ్గా కన్ను మూయవు. కాకినాడ అధికారి తన నివేదిక చివర ఒక ముక్క చేర్చాడు: 'పరికరము గృహమునందు కలదు. ఉద్యోగి గృహమునందు కనబడలేదు. పిలువగా పలుకలేదు.'

పరాంకుశం గారు నిబంధనలు తీసి తొమ్మిదో నిబంధన చూపించారు. 'పరికరమున్న ఇంటనే ఉద్యోగి నివసించవలెను.'

"ఇది తీవ్రమైన విషయము. పరికరము తన స్థానమున తానున్నది. తప్పిపోయినది మీరు."

"నేనిక్కడే ఉన్నాను కదండీ!"

"ఇక్కడ ఉండుటయే మీ నేరము."

మూడో రోజున జాయింట్ డైరెక్టరు గారి ఉత్తర్వు వచ్చింది. శ్రీ గవర్రాజు వెంటనే పరికరము వద్ద హాజరై, ఎల్లవేళల దానితోనే ఉండవలెను. ఇది బదిలీ కాదు గనుక నిషేధము వర్తించదు. దీనిని 'పరికరానుసరణ'గా భావించవలెను.

పెళ్ళాం పిల్లలు కాకినాడలో ఉన్నారని ఇన్నేళ్ళుగా నేను పెట్టిన దరఖాస్తులు చదివి కదలని ప్రభుత్వం, ప్లాస్టిక్ డబ్బా ఒంటరిగా ఉందనేసరికి కదిలిపోయింది. కోపం రావాల్సిందే. వచ్చింది కూడా. కానీ రైలు కాకినాడలో ఆగేసరికి కొత్త గౌనులో మా పాప ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది, వెనక దాక్కోవడానికి తలుపేమీ లేదు, అందుకని నా కోపం ముందొచ్చిన సామర్లకోటలోనే దిగిపోయినట్టుంది.

నెల తిరక్కుండా సంగతి శాఖంతా పొక్కింది. ఇప్పుడు మాలో బదిలీకి దరఖాస్తు ఎవరూ పెట్టడం లేదు. కడప నుంచి ఒకాయన తన పెట్టెను ఏలూరికి పంపాడు. పాడేరు నుంచి ఒకావిడ నెల్లూరికి పంపింది. తపాలా ఆఫీసులో మా శాఖ పార్సిళ్ళకు వేరే వరస పెట్టారని విన్నాను. నిషేధం మాత్రం చెక్కుచెదరకుండా అమల్లో ఉంది.

మొన్న ఆదివారం పాపకు అన్నం పెడుతుంటే ఫోను మోగింది. పరాంకుశం గారు. నేను అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాను. మళ్ళీ ఏదో నిబంధన బయటపడి ఉంటుంది.

"గవర్రాజూ, ఏం లేదు గాని… నువ్వా పార్సిలు ఎలా కట్టావయ్యా?"

ఆయన నోట మామూలు మాట వినడం నాకదే మొదటిసారి. ఎవరో వేరే మనిషి అనుకున్నాను.

"చుట్టూ పాత కాగితాలు దట్టించి కట్టానండి. ఎవరికి పంపుతున్నారు సార్?"

అవతల ఎక్కడో ప్రెషర్ కుక్కరు ఒక్కటే కూస్తోంది.

"మా ఇంటికే. టెక్కలి. పదమూడేళ్ళయిందయ్యా ఇక్కడికొచ్చి. దరఖాస్తు పెడితే నా ఫైలు తనిఖీ చేయాల్సింది నేనే, బాగుండదని పెట్టలేదు. మా వాడికి ఈ ఏడు మీసాలొచ్చాయట, వాళ్ళమ్మ చెప్పింది."

"పంపెయ్యండి సార్" అన్నాను. "రేపే పంపెయ్యండి."